వియన్నా నగరంలో ఒక రోజు

ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నా. హేడన్, మొజార్ట్, బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ వంటి మహా స్వరకర్తలకు డాన్యూబ్ నదీతీరంలోని ఈ నగరం కర్మభూమి. వీరిలో షూబర్ట్ ఒక్కడే ఆ ఊరి బిడ్డ. తక్కినవారందరూ వేరే ఊళ్ళనుండి వచ్చి అక్కడ స్థిరపడినవారే. వారు కాపురమున్న ఇళ్ళలో కొన్నింటిని నగరం మ్యూజియాలుగా మార్చి కాపాడుకొంటున్నది. మరికొన్నింటి గోడలమీద పేరూ సంవత్సరాలూ చెక్కిన ఫలకాలున్నాయి.

విజయనగరంలో పిల్లలకు వీణ నేర్పే ఒక ఉపాధ్యాయిని అక్టోబరు మొదటి వారంలో ఆ నగరాన్ని చూడబోయింది. మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముని ఇంటికి ఆమె వచ్చి అప్పటికి పది రోజులైంది. అక్కడినుండి వియన్నా రైలులో నాలుగు గంటల ప్రయాణం. తమ్మునికి సెలవు దొరకలేదు. “అక్కా, భాష రాని ఊళ్ళో నువ్వొక్కదానివీ తిరగగలవా?” అని అతడు సందేహించాడు. “దారి తప్పితే అడుగుతాను. అడగడానికి సిగ్గెందుకురా?” అని ఆమె బయలుదేరింది. చేతిసంచిలో ఒక నోటుపుస్తకం, కలం, మరదలు కట్టియిచ్చిన పులిహోర పొట్లం ఉన్నాయి.

ఉన్నది ఒక్క రోజు. చూడవలసినవన్నీ చూడాలన్న ఆశ పెట్టుకోకూడదని ఆమె ముందే నిశ్చయించుకొన్నది. బ్రూగెల్ చిత్రాలు పన్నెండు ఒక్కచోటనే ఉన్న కళామందిరాన్ని సైతం వదులుకొన్నది. చిత్రాలు చూడడానికి మరెప్పుడైనా రావచ్చు. ఈసారి వచ్చినది పాట పుట్టిన చోట్లు చూడడానికి.

ఉదయం పది గంటలకు ఆమె స్టీఫెన్ కథీడ్రల్ ముందు నిలబడింది. ఆ గోపురం నీడలో తెల్లని విగ్గులు పెట్టుకొని, జరీ అంచుల ఎర్రకోట్లు తొడుక్కొన్న యువకులు సాయంకాలపు కచేరీలకు టిక్కెట్లు అమ్ముతున్నారు. అది మొజార్ట్ కాలపు వేషం. 1782లో మొజార్ట్ వివాహం జరిగినది ఆ దేవాలయంలోనే. 1791 డిసెంబరులో అతని అంత్యక్రియల ప్రార్థన జరిగినదీ అక్కడే. ఆ పిమ్మట అతని దేహాన్ని ఊరి వెలుపలి సెయింట్ మార్క్స్ శ్మశానంలో, పేరు చెక్కిన రాయి కూడా లేకుండా పూడ్చారు. ఆ చోటు సరిగ్గా ఎక్కడో నేటికీ ఎవరికీ తెలియదు. సమాధి జాడ దక్కని ఆ మనిషి బొమ్మ ఇప్పుడు చాక్లెట్ల పెట్టెల మీదకూ ఎక్కింది.

దేవాలయం వెనుక సందులో, డామ్‌గాస్సె 5వ నెంబరు ఇంటి మొదటి అంతస్తులో మొజార్ట్ 1784 నుండి 1787 వరకు అద్దెకున్నాడు. వియన్నాలో అతడు ఎన్నో ఇళ్ళు మారినా, నేటికి మిగిలిన అతని నివాసం ఇదొక్కటే. నాలుగు పెద్ద గదులు, రెండు చిన్న గదులు, ఒక వంటగది. ఏడాదికి 460 గిల్డర్ల అద్దె. ఆ రోజులలో అది గొప్పవారు మాత్రమే ఇవ్వగలిగిన సొమ్ము. ‘ఫిగారో వివాహం’ అనే సంగీత నాటకానికి అతడు స్వరాలు కూర్చినది ఇక్కడే. 1785 ఫిబ్రవరి 12న వృద్ధుడైన తండ్రి సమక్షంలో, హేడన్ అతిథిగా కూర్చుని ఉండగా, మొజార్ట్ రచించిన కొత్త కృతులు కొన్ని ఈ ఇంట్లో వాయించారు. తానెరిగిన స్వరకర్తలందరిలోను నీ కుమారుడే గొప్పవాడని హేడన్ ఆనాడు ఆ తండ్రితో అన్నాడు. తోటి విద్వాంసుని గురించి అంత మాట అనగలగడం హేడన్ పెద్దరికం.

అయితే ఆ గదులలో మొజార్ట్ వాడుకొన్న మేజా గాని, కుర్చీ గాని ఒక్కటీ లేదు. ఏ గది పడకటిల్లో, ఏ గదిలో బిలియర్డ్స్ ఆడేవాడో పరిశోధకులు ఊహించి చెప్పినవే. నిర్వాహకులు ఆ సంగతి దాచిపెట్టక, ఇది ఊహ అని రాసి పెట్టారు. పాత సామాను ఎక్కడినుండో తెచ్చి నింపి, ఇదే ఆయన మంచమని నమ్మించే మ్యూజియాలు లోకంలో లేకపోలేదు. ఆ పని చేయకపోవడం మెచ్చదగినది. చెవికి ఆనించుకొనే పరికరంలో మొజార్ట్ సంగీతం వినిపిస్తూనే ఉన్నది. కిటికీనుండి సన్నని సందు, ఎదుటి ఇంటి గోడ కనిపించాయి. ఆమె ఆ పరికరాన్ని చెవినుండి తీసి కొంతసేపు ఊరకే నిలబడింది. గదిలో చప్పుడు లేదు.

అక్కడినుండి ఆమె పాత రాజప్రాసాదంలో భాగమైన ‘నోయె బుర్గ్’ భవనానికి నడిచి వెళ్ళింది. అందులో పురాతన వాద్యాల ప్రదర్శనశాల ఉన్నది. వరుసగా గదుల నిండా తంత్రీవాద్యాలు, సుషిరవాద్యాలు, పియానోకు పూర్వరూపాలైన మీటల వాద్యాలు గాజుపెట్టెలలో విశ్రాంతి తీసుకొంటున్నాయి. వీణ చేతబట్టిన మనిషికి ఇది మరొకరి పుట్టిల్లుగా తోచదు. 1574లో బ్రెషియా నగరవాసి విర్కి అనే శిల్పి ఒక రాజకుమారునికి చేసియిచ్చిన సిథర్న్ అనే తంత్రీవాద్యం దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. దాని బిరడాల కొసను, గుండెల్లో కత్తి పొడుచుకొంటున్న రోమను స్త్రీ లుక్రీషియా బొమ్మ చెక్కి ఉన్నది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేసే వడ్రంగులు దాని కొసను యాళి ముఖం చెక్కుతారు. ఎక్కడి బ్రెషియా, ఎక్కడి గొల్లపల్లి! వాద్యం చేసేవాడికి తీగలు బిగించే చోటు ఖాళీగా వదలడం ఎక్కడైనా మనసొప్పదు కాబోలు.

వయొలిన్ల గది ఆమెను విజయనగరానికి తీసుకుపోయింది. ఐరోపావారి ఈ వాద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవాడు ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులని ప్రసిద్ధి. ఇక్కడివారు నిలబడి గడ్డం కింద ఇరికించుకొని వాయించే వయొలిన్‌ను మనవారు నేలమీద కూర్చుని, గుండెకూ పాదానికీ మధ్య ఆనించుకొన్నారు. ఆ చిన్న మార్పుతో ఎడమచేయి స్వేచ్ఛ పొంది, గమకం పలికింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆ వాద్యాన్ని బోధించారు. 1936లో ఆ కళాశాలకు ప్రధానాచార్యులయ్యారు. గాజు వెనుక ఉన్న వయొలిన్ కూర్చున్న వాద్యకారుణ్ణి ఎన్నడూ చూసి ఉండదని తలచి ఆమె తనలో నవ్వుకొన్నది.

మరొక గదిలో వియన్నా శిల్పి కాన్రాడ్ గ్రాఫ్ 1839లో చేసిన పియానో ఉన్నది. 1840లో వివాహమాడిన క్లారా షూమన్‌కు గ్రాఫ్ దానిని కానుకగా ఇచ్చాడు. భర్త రాబర్ట్ షూమన్ మరణించాక ఆమె దానిని బ్రామ్స్‌కు ఇచ్చింది. బ్రామ్స్ వియన్నాలోని సంగీతమిత్రుల సంఘానికి అప్పగించాడు. ఒక వాద్యం ఇన్ని చేతులు మారినా చెడకుండా మిగిలింది.

అన్ని చేతులూ అలా అప్పగించడానికి నోచుకోలేదు. ఆ భవనం వెలుపల హెల్డెన్‌ప్లాట్స్ అనే విశాలమైన మైదానం ఉన్నది. 1938 మార్చి 15న హిట్లర్ ఈ భవనపు వసారానుండి లక్షలాది జనానికి ఉపన్యసించి, ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేసినట్లు ప్రకటించాడు. అప్పటికి ఆర్నాల్డ్ రోజే అనే వయొలిన్ విద్వాంసుడు 1881 నుండి, అంటే యాభై ఏడేళ్ళుగా, వియన్నా నగరపు ప్రధాన వాద్యబృందానికి ముందు వరుసలో కూర్చుంటున్నాడు. యూదుడైన కారణంగా ఆయనను ఆ కుర్చీనుండి లేపివేశారు. ఆయన లండన్‌కు వలసపోయి 1946లో మరణించాడు. ఆయన కుమార్తె ఆల్మా రోజే కూడా వయొలిన్ విదుషీమణి. ఆమె నాజీలకు చిక్కి, ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఖైదీలైన స్త్రీల వాద్యబృందాన్ని నడిపి, 1944లో అక్కడనే కన్నుమూసింది. సంగీత నగరమన్న పేరు ఈ కథను కూడా మోయవలసి ఉన్నది. మైదానంలో ఇప్పుడు సైకిళ్ళమీద పిల్లలు తిరుగుతున్నారు. గుర్రపు బగ్గీలు యాత్రికుల కోసం వేచి ఉన్నాయి.

పాత కోటగోడలను పడగొట్టి వేసిన రింగ్ రోడ్డు వెంట పార్లమెంటు, నగర సభాభవనం, విశ్వవిద్యాలయం దాటి ఆమె షాటెన్‌టార్ చేరింది. అక్కడ 37వ నెంబరు ట్రామ్ ఎక్కి, నుస్‌డార్ఫర్ వీధిలో షూబర్ట్ పుట్టిన ఇంటి ముందు దిగేసరికి ఒంటిగంట దాటింది. తలుపు వేసి ఉన్నది. ఒంటిగంటనుండి రెండు గంటల వరకు విరామమని తలుపుమీద రాసి ఉన్నది. ఆ సంగతి ముందుగా తెలుసుకోనిది తానే కనుక ఎవరినీ అనడానికి లేదు. దాపున ఒక బల్లమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పింది. కుక్కతో నడిచిపోతున్న ఒక ముసలమ్మ ఇంగువ వాసనకు ఒక్క క్షణం ఆగి, తల ఊపి, సాగిపోయింది.

రెండు గంటలకు తలుపు తీశారు. లోపల చిన్న ముంగిలి, దాని చుట్టూ పై అంతస్తు పొడవునా నడవా. ఒకప్పుడు ఆ ఇంట్లో పదహారు వాటాలు ఉండేవి. షూబర్ట్ తండ్రి బడిపంతులు. వారిది ఒక గది, ఒక వంటగది ఉన్న వాటా. 1797 జనవరి 31న ఫ్రాన్జ్ షూబర్ట్ పుట్టినది ఆ పొగచూరిన వంటగదిలోనని చెబుతారు. చలికాలంలో ఇంట్లో వెచ్చగా ఉండేది పొయ్యి దగ్గరే కదా. ఆ తల్లి పద్నాలుగుమంది బిడ్డలను కన్నది. బతికి పెరిగి పెద్దయినవారు అయిదుగురు. మొజార్ట్ ఇంటి ఎత్తయిన గదుల తరువాత ఈ వంటగది చూసినవారికి, పై కప్పు తలకు తగులుతుందేమోనన్న భయం కలుగుతుంది.

ఇక్కడ మాత్రం నిజమైన వస్తువు ఒకటి ఉన్నది. అది షూబర్ట్ కళ్ళజోడు. సన్నని తీగ చట్రం. రెండు అద్దాలలో ఒకటి పగిలి, బీట వారి ఉన్నది. నిద్రలో పాట తోస్తే లేచిన వెంటనే రాసుకోవడానికి అతడు కళ్ళజోడు తీయకుండానే పడుకొనేవాడని మిత్రులు చెప్పుకొనేవారు. ఆరువందలకు పైగా పాటలు రాసిన ఆ మనిషి ముప్ఫై ఒక్క ఏళ్ళకే, 1828 నవంబరు 19న, అన్నగారి ఇంట్లో మరణించాడు. కేవలం తన రచనలతో అతడు బహిరంగంగా చేయగలిగిన కచేరీ ఒకే ఒక్కటి. అది 1828 మార్చి 26న జరిగింది. సరిగ్గా ఏడాది క్రిందట అదే తేదీన బీథోవెన్ కన్నుమూశాడు. ఆ అంతిమయాత్రలో దివిటీ పట్టుకొని నడిచినవారిలో షూబర్ట్ ఒకడు.

అతడు పోయేనాటికి అతని రచనలలో ఎన్నో కాగితాల కట్టలలోనే ఉండిపోయాయి. పదేళ్ళ తరువాత రాబర్ట్ షూమన్ వియన్నాకు వచ్చి, షూబర్ట్ అన్నగారి వద్ద ఆ కట్టలు విప్పి చూశాడు. ఎవరూ వినని ఒక మహా సింఫనీ అందులో దొరికింది. 1839లో లైప్‌జిగ్ నగరంలో మెండెల్సన్ దానిని వాద్యబృందంచేత పలికించాడు. 1822లో రెండు భాగాలు రాసి వదిలివేసిన ‘అసంపూర్ణ సింఫనీ’ మరింత కాలం నిద్రపోయింది. దానిని లోకం మొదటిసారి విన్నది 1865లో. రాసినవాడు పోయి అప్పటికి ముప్ఫై ఏడేళ్ళు.

ఈ సంగతులు రాసిన పలక ముందు ఆ వీణ ఉపాధ్యాయిని కదలక నిలబడింది. త్యాగరాజస్వామి 1767లో పుట్టాడు. బీథోవెన్‌కు మూడేళ్ళు పెద్ద. ఆయన కృతులు తిల్లైస్థానం, వాలాజాపేట, ఉమయాళ్పురం శిష్యుల గొంతులలో నిలిచి, వారి శిష్యులకు సంక్రమించి, నేటి వరకు వచ్చాయి. కొందరు శిష్యులు రాసిపెట్టిన మాట నిజమే. కాని స్వరం రాసినా గమకం రాయలేదు. అది ఎదుట కూర్చున్నవారికే దక్కుతుంది. కాగితం నలభై ఏళ్ళు నిద్రపోయి లేవగలదు. గొంతు ఒక్క తరం నిద్రపోతే ఇక లేవదు.

ఆమెకు ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు. మూడేళ్ళ క్రిందట గతించిన ఆమె గురువుగారి వద్ద ఒక త్యాగరాజ కీర్తనకు అపురూపమైన పాఠాంతరం ఉండేది. ఆయన రాయనిచ్చేవారు కారు. “కాగితం చూసి వాయించేది పాట కాదమ్మా, లెక్క” అనేవారు. పద్నాలుగేళ్ళ వయసులో ఆమె పల్లవి, అనుపల్లవి, మొదటి చరణం నేర్చుకొన్నది. పరీక్షలు వచ్చాయి. తక్కినది వేసవి సెలవులలో నేర్చుకొందామనుకొన్నది. ఆ వేసవి వెళ్ళింది, తరువాత ఎన్నో వేసవులు వెళ్ళాయి. గురువుగారు ఉన్నంతకాలం, ఆయన ఉన్నారు కదా అన్న ధీమాతో ఆమె అడగలేదు.

మళ్ళీ అదే ట్రామ్ ఎక్కి ఆమె ఉత్తరంగా హైలిగెన్‌స్టాట్‌కు వెళ్ళింది. ఇప్పుడది వియన్నాలో కలిసిపోయింది గాని, 1802లో ద్రాక్షతోటల నడుమ విడిగా ఉన్న పల్లె. అక్కడి ఊటనీటి స్నానాలు ఒంటికి మంచివని పేరు. వినికిడి తగ్గిపోతున్న బీథోవెన్‌ను, పట్నపు రొదకు దూరంగా ఉండి చెవులకు విశ్రాంతి ఇమ్మని వైద్యుడు అక్కడికి పంపాడు. ప్రోబుస్‌గాస్సె 6వ నెంబరు ఇంట్లో ఆయన ఉన్నాడని తరతరాలుగా చెప్పుకొంటున్నారు. తిరుగులేని సాక్ష్యమేమీ లేదు. 2017లో ఆ ఇంటిని విస్తరించి పెద్ద మ్యూజియంగా తీర్చిదిద్దారు.

1802 అక్టోబరు 6న బీథోవెన్ ఈ పల్లెలో తన తమ్ములిద్దరికీ ఒక ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఒకటి. పక్కన నిలబడినవానికి దూరంనుండి వేణునాదం వినిపిస్తుంటే తనకు ఏమీ వినిపించలేదని, గొర్రెలకాపరి పాట కూడా వినిపించలేదని, సంగీతకారుడై ఉండి, నేను చెవిటివాణ్ణి, గట్టిగా మాట్లాడండి అని లోకంతో చెప్పుకోలేక మనుషులకు దూరమయ్యానని అందులో బాధపడ్డాడు. జీవితాన్ని ముగించుకోవాలన్నంత నిరాశ కలిగినా, చేయవలసిన రచనలు మిగిలి ఉండడంచేత తన కళ తనను ఆపిందని రాశాడు. నాలుగు రోజుల తరువాత మరికొన్ని మాటలు చేర్చాడు. కాని ఉత్తరం పంపలేదు. ఇరవై నాలుగేళ్ళకు పైగా దానిని తన దగ్గరే దాచుకొన్నాడు. 1827లో ఆయన మరణించాక కాగితాలలో బయటపడింది. దాని మూలప్రతి జర్మనీలోని హాంబర్గ్ గ్రంథాలయంలో ఉన్నది. అందులో ఒక వింత ఉన్నది: చిన్న తమ్ముడు యోహాన్ పేరు రావలసిన ప్రతిచోటా ఖాళీ వదిలాడు. కారణమేమిటో పండితులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు.

ఆ ఉత్తరం తరువాత ఆయన రాసినవే మూడవ సింఫనీ, అయిదవ సింఫనీ, తొమ్మిదవ సింఫనీ. తొమ్మిదవది 1824 మే 7న వియన్నాలో మొదటిసారి వినిపించినపుడు, వెనుక సభికులు చరిచే చప్పట్లు ఆయనకు వినిపించకపోతే, ఒక గాయని ఆయనను సభవైపు తిప్పిందని ప్రసిద్ధి.

వినికిడి క్రమంగా తగ్గుతుంటే ఆయన చెవికి సంగీతం ఎలా చేరేదో సందర్శకులకు తెలిసేటట్లు వినిపించే ఏర్పాటు ఆ మ్యూజియంలో ఉన్నది. ఆమె విన్నది. మొదట పై స్వరాలు మాయమయ్యాయి. వేణువులు ముందుగా పోయాయి, వాటి వెంట వయొలిన్లు. మంద్రస్వరాలు కొంతసేపు నిలిచి, దూరాన బండి పోతున్న చప్పుడుగా మారాయి. చివరకు అది కూడా లేదు. ఆమె ఎడమచేతి వేళ్ళు తమంతట తాము వీణ మెట్లమీద ఉన్నట్లుగా బల్ల అంచుమీద కదిలాయి. చెవికి ఏమీ చేరకపోయినా వేళ్ళకు దారి తెలుసు. బీథోవెన్‌కు కూడా అంతేనేమో.

ముంగిట్లో చెట్టుకింద కొంతసేపు కూర్చుని, ఆరు గంటలకు మూసివేసే వేళకు ఆమె బయటికి వచ్చింది. చలిగాలి మొదలైంది. 37వ నెంబరు ట్రామ్ దాదాపు ఖాళీగా ఉన్నది. కిటికీ పక్కన కూర్చుని నోటుపుస్తకం తీసి, రాగం పేరు, తాళం పేరు రాసింది. పల్లవి స్వరం రాసింది. గమకం ఉన్నచోట అక్షరంపైన అలలాంటి గీత గీసింది. ఆ గీత చాలదని తెలుసు, అయినా గీసింది. అనుపల్లవి వచ్చింది. మొదటి చరణం వచ్చింది. ఒకచోట సందేహం కలిగితే పెదవులు కదుపుతూ పాడుకొని, సరిచేసి రాసింది. ఎదుటి సీటులోని కుర్రవాడు చెవులలోని తీగలు తీసి ఆమెవైపు చూశాడు.

రెండవ చరణం దగ్గర కలం ఆగింది. ఆ చరణం నేర్చుకొన్న సహాధ్యాయిని ఒకరు ఉన్నారు. వయసులో పెద్దది, ఇప్పుడు సాలూరులో ఉంటున్నది. ఆమెకు ఎంతవరకు గుర్తున్నదో తెలియదు. ట్రామ్ షాటెన్‌టార్ చేరేసరికి గడియారం ఏడు చూపుతున్నది. అక్కడ రాత్రి పదిన్నర అయి ఉంటుంది. ఆ పెద్దావిడ ఎనిమిదింటికే పడుకొంటుంది. రేపు తెల్లవారగానే ఫోను చేయాలనుకొని, ఆమె పుస్తకంలో నాలుగు గీతలు ఖాళీగా వదిలి, ట్రామ్ దిగింది.